మ్వాంజా నేర్పిన చప్పుడు

టక్.

మంచు ఇంకా విడవలేదు. ఆదిలాబాద్ శివార్లలోని జిన్నింగ్ మిల్లు గేటు ముందు పత్తి ట్రాక్టర్లు బారుగా నిలబడి ఉన్నాయి. పత్తి తెలుపు ఎక్కడ ఆగుతుందో, మంచు తెలుపు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఆ తెలుపు లోపలి నుంచి, మనిషి కనబడకముందే, చప్పుడు వచ్చింది. ఎండిన పత్తి గింజ పంటి కింద పగిలితే వచ్చే చప్పుడు. కాసేపాగి మళ్లీ, టక్.

"కాకా వచ్చిండు," అన్నాడు మూడో ట్రాక్టర్ మీది రైతు. పక్కవాడు చాయ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

అప్పుడు కనబడ్డాడు భూమన్న. అరవై ఎనిమిదేళ్ల మనిషి. కనుబొమల మీద పత్తి నూగు. కుడి చొక్కాచెయ్యి భుజం దాకా మడిచి ఉంటుంది. ఆ చేతిని ట్రాక్టర్‌లోని పత్తిలోకి భుజం దాకా దించి, లోపలి నుంచి గుప్పెడు తీసి, గింజ వలిచి పంటి కింద పెట్టి వింటాడు. "ఎండింది" అంటే ఎండినట్టు. "పచ్చిగున్నది" అంటే తిరిగి తీసుకుపోయి ఆరబోసుకోవలసిందే. తేమ ఎక్కువున్న పత్తి కుప్పలో లోలోపల వేడెక్కి పసుపురంగుకు తిరుగుతుంది గనక మిల్లు దాన్ని తీసుకోదు. ఆఫ్రికా నుంచి తిరిగి వచ్చిన నాటి నుంచీ, పదిహేనేళ్లుగా, రైతులకూ మిల్లుకూ నడుమ ఒక ముక్కాలి పీట, దాని మీద భూమన్న.

అయితే ఆ పొద్దు వినిపించింది గింజ చప్పుడు కాదు. కట్టుడు పళ్ల చప్పుడు.

ఉగాది తర్వాత బాసరకు పోతున్నానని చెప్పి భూమన్న నిర్మల్‌లో దిగాడు. అక్కడి పళ్ల డాక్టరు మిగిలిన తొమ్మిదీ పీకి, పైనా కిందా కొత్త వరసలు కట్టాడు. ఆదిలాబాద్‌లో చేయించుకుంటే సాయంత్రానికి యార్డంతా తెలిసిపోయేది. ఈ సంగతి తెలిసింది భార్య రాజవ్వకు ఒక్కదానికే. సొంత పళ్లున్నప్పుడు గింజ పగిలిన చప్పుడు దవడ ఎముకలోంచి నేరుగా చెవిలోకి దిగేది. ఎండుగింజ పలికినట్టు పచ్చిగింజ పలకదు. ఇప్పుడు ఆ గులాబీరంగు చిగుళ్లు అన్ని గింజలనూ ఒకేలా నములుతున్నాయి. అందుకే గింజను నాలుక కిందికి తోసేసి, రెండు వరసలనూ ఒకదానికొకటి తాకించి చప్పుడు చేస్తాడు. చెయ్యి చెప్పినదాన్ని బట్టి తీర్పు చెబుతాడు.

చెయ్యి ఒకసారి తప్పింది. పోయిన నెల లచ్చయ్య అనే రైతు తెచ్చిన పత్తిని ఎండిందన్నాడు. నాలుగో రోజుకు మిల్లు లోపలి కుప్పలో ఒక పక్క ఆవిరి లేచింది. అది ఎవరి పత్తో కుప్పలో కలిశాక ఎవరు చెప్పగలరు? కానీ తేమ చూడడానికి కొత్తగా వచ్చిన కుమార్ ఆ రోజు నుంచీ భూమన్న ముఖం వంక కాకుండా నోటి వంక చూడడం మొదలుపెట్టాడు. కుమార్ దగ్గర చిన్న మిషన్ ఉంది. దాని పొడవాటి సూదిని పత్తిలో గుచ్చితే అద్దంలో అంకె కనబడుతుంది. పన్నెండు దాటితే వాపస్. రైతులకు ఆ అంకె మీద నమ్మకం లేదు. వాళ్లకు నమ్మకం ఉన్నది భూమన్న పళ్ల మీద. ఆ పళ్లు లేవు. పీట పోతుందన్న బెంగ ఒకటైతే, పదిహేనేళ్లుగా తన మాట మీద పత్తి దింపిన మనుషుల ముందు దొంగగా తేలడం ఇంకొకటి. రెండోదే భూమన్న గుండెల్లో బండలా కూర్చుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నవత అనే అమ్మాయి భూమన్న ఇంటికి వచ్చింది.

కాలేజీలో చరిత్ర చెబుతుందట. ఊరు దాటి దూరాన బతికి వచ్చిన మామూలు మనుషుల జీవితాలు రాస్తోందట. దుబాయి పోయినవాళ్లు వీధికి పదిమంది దొరికారు గానీ ఆఫ్రికాలోని మ్వాంజా పోయినవాడు జిల్లా మొత్తానికి ఒక్కడే దొరికాడని నవ్వింది. భూమన్న నవ్వలేదు. తన గురించి ఎవరు చెప్పారని అడిగాడు. మిల్లు దగ్గర చెప్పారంది. మిల్లు దగ్గర ఎవరని అడిగితే, పేరు గుర్తులేదంది. పేరు గుర్తుపెట్టుకోని మనిషి చరిత్ర ఎట్లా చెబుతుందో భూమన్నకు అర్థం కాలేదు. పైగా ఆమె వేసిన రెండో ప్రశ్నే, గింజ కొరకడం ఎక్కడ నేర్చుకున్నావని.

వెళ్లేటప్పుడు సంచిలోంచి డబ్బా తీసి రాజవ్వ చేతిలో పెట్టింది. కరీంనగర్‌లో వాళ్లమ్మ చేసిన సకినాలు. గట్టిగా, కరకరలాడుతూ, ఒకటి విరిస్తే పక్కింటికి వినబడేలా ఉన్నాయి. "ఒకటి తిను కాకా," అంది. కడుపు మంచిగలేదన్నాడు. ఆమె బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి చూశాడు.

"గా పోరి కుమార్‌గానికి ఏమైతదో అర్సుకో," అన్నాడు భార్యతో.

"ఏమైతది? ఏం గాదు. సకినాలు తెచ్చింది, పాపం."

"సకినాలే ఎందుకు తేవాలె? అరిసెలు తేవొద్దా? మెత్తగుండేటియి లోకంల లేవా?"

రాజవ్వ లోపలికి వెళ్లింది. రెండు సకినాలు చాయలో వేసి నానబెట్టింది.

రెండో రోజు నవత మళ్లీ వచ్చింది. భూమన్న మాట్లాడాడు. మాట్లాడకపోతే ఇంకా అనుమానం పెరుగుతుందని మాట్లాడాడు. ముందు ఒక్కో మాటా కాంటాలో వేసి తూచినట్టు చెప్పాడు. కానీ మ్వాంజా అలా చిన్న చిన్న తూకాలకు లొంగే ఊరు కాదు.

పంతొమ్మిది వందల తొంభై ఏడులో నాగపూర్ జిన్నింగ్ మిషన్ల కంపెనీ ఒకటి టాంజానియాకు మిషన్లు అమ్మింది. వాటిని బిగించి నడిపించడానికి ఫిట్టర్లు కావలసి వచ్చారు. మరాఠీ, హిందీ రెండూ వచ్చిన ఆదిలాబాద్ మనిషని భూమన్నను పంపారు. సముద్రపొడ్డున ఉన్న దారెస్సలాం నుంచి రైల్లో ఒకటిన్నర రోజు పోతే, పట్టాలు అయిపోయిన చోట మ్వాంజా. రైలు దిగి తలెత్తితే కరీంనగర్ గుట్టలే కనబడ్డాయట. గుండు మీద గుండు, ఎవరో ఆడుకుంటూ మధ్యలో వదిలేసినట్టు. ఆ గుండ్ల సందుల్లో ఇళ్లు. ఒక్క తేడా, గుట్టల కింద అవతలి ఒడ్డు లేని చెరువు. నీళ్ల చివర ఆకాశం దిగి కాళ్లు కడుక్కుంటున్నట్టు ఉండేది. దాన్ని సరస్సంటారని నవత రాసుకుంది. భూమన్న మాత్రం చివరిదాకా చెరువనే అన్నాడు.

ఆ ఊరు పెద్దదైంది పత్తి వల్లనే. మొదట జర్మన్ దొరలు కోట కట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఇంగ్లీషు దొరలు రైలు తెచ్చారు, పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదిలో. చుట్టూ నూరు మైళ్ల దాకా సుకుమా జాతి రైతులు పండించిన పత్తి బండ్ల మీద, సైకిళ్ల మీద, నెత్తుల మీద అక్కడికే చేరేది. గుజరాతీలు మిల్లులు పెట్టారు, బట్టల దుకాణాలు పెట్టారు. చెరువు అవతల ఉగాండా, కెన్యా. ఇంకాస్త పోతే రువాండా, కాంగో. ఉప్పు, సబ్బు, సైకిలు గొలుసు, ఏది కావాలన్నా ఆ దిక్కువాళ్లంతా మ్వాంజా రేవుకే వచ్చేవాళ్లు. పొద్దున్నే ఓడ భోంకారం పెడితే సగం ఊరు రేవు వైపు నడిచేది. నాగపూర్ ఎంతో మనకు, వాళ్లకు మ్వాంజా అంత.

ఇదంతా భూమన్నకు చెప్పినవాడు మసాంజా. మిల్లులో పత్తి నాణ్యత చూసే డెబ్బై ఏళ్ల ముసలాయన. రైలు వచ్చిన ఏడే పుట్టాడు. మసాంజా పడుచుగా ఉన్నప్పుడు వ్యాపారుల కాంటాల మీద రైతులకు నమ్మకం పోయింది. ఒక ఊళ్లో తూచింది ఇంకో ఊళ్లో తగ్గేది. రైతులు తిట్టలేదు, తగలబెట్టలేదు. తమలోంచి ఒక మనిషిని తీసి ప్రతి కాంటా పక్కనా నిలబెట్టారు. ఊరికే నిలబడి చూడడమే వాడి పని. అలా నిలబడిన వాళ్లలో మసాంజా ఒకడు. అలా నిలబెట్టిన రైతులే తర్వాత సంఘాలు కట్టుకుని మిల్లులు కూడా తామే నడిపారు. కొన్నేళ్లకు ఆ సంఘాల మీదా అనుమానాలు మొదలయ్యాయి. కాంటా వాళ్లదే కదా, ఇప్పుడు చూసేదెవరు? కాలం మారి మళ్లీ షావుకార్లు వచ్చారు. ఈసారి రైతు కూడా ఊరుకోలేదు. కొందరు పత్తిలో నీళ్లు చల్లారు, ఇసుక కలిపారు. వాళ్లు కాంటా నొక్కుతుంటే మనం నీళ్లు చల్లితే తప్పేమిటన్నారు. నీళ్లు చల్లారు కదా, కాంటా నొక్కితే తప్పేమిటని షావుకార్లన్నారు.

"గట్ల మొదలైతే ఇగ ఆగది," అన్నాడు భూమన్న. తన గొంతు తనకే విచిత్రంగా వినబడింది. "నేను వోయినప్పుడు మా మిల్లు ముంగట లారీలు దారివొడుగూత ఉంటుండె. పదకొండేండ్లకు నేను వచ్చెటప్పుడు గేటు కాడ మేకలు పండుకున్నయి. ఊరు సావలే. చేపలకు మళ్లింది. పెద్ద పెద్ద చేపలు, కోసి, మంచుల వెట్టి, విమానంల యూరప్ పంపుడు. రేవు గదే, మనుషులు గా మనుషులే. కని పత్తి ఊరు మాత్రం పోయింది."

నవత పెన్ను ఆపింది. గింజ కొరకడం కూడా మసాంజాయే నేర్పాడా అని అడిగింది. అవునన్నాడు. ఎలా నేర్పాడని అడిగింది. ఆమె చూపు తన పెదవుల మీద వాలినట్టనిపించింది భూమన్నకు. అన్నానికి లేచాడు. మసాంజా గురించి అంతా చెప్పాడు గానీ ఒక్క సంగతి చెప్పలేదు.

మూడో రోజు పొద్దున ఆమె నేరుగా మిల్లు గేటు దగ్గరకే వచ్చింది. పుస్తకం చంకలో పెట్టుకుని పీటకు ఐదడుగుల దూరంలో నిలబడింది. అటుపక్క కుమార్, ఇటుపక్క నవత. 

బారులో ముందున్న ట్రాక్టర్ కిష్టవ్వది. జైనథ్ వైపు నుంచి వచ్చిన మనిషి, భర్త లేడు, సేద్యమంతా తానే. కుమార్ సూది గుచ్చాడు. పద్నాలుగు. మళ్లీ గుచ్చాడు. పద్నాలుగున్నర. వాపస్ అన్నాడు. మూడు రోజులు తారురోడ్డు మీద ఆరబోసి, పత్తి పక్కనే పడుకుని కాపలా కాశానంది కిష్టవ్వ. అంకె అబద్ధం చెప్పదన్నాడు కుమార్. వెనకున్న రైతులు దిగి వచ్చారు. పొద్దున్నుంచి ఆ మిషన్ ఒక్కరికైనా పన్నెండు లోపల చూపిందా అని ఒకరు, మిల్లు నిండినట్టుంది, అందుకే వాపస్ మొదలుపెట్టారని ఇంకొకరు. నీళ్లు చల్లుకొచ్చి మిషన్‌ను అంటారేమిటని హమాలీల్లోంచి ఎవరో అన్నారు. ఆ మాటతో మనుషుల నడుమ జాగా తగ్గిపోయింది. భుజాలు తాకుతున్నాయి.

కిష్టవ్వ పీట దగ్గరకు వచ్చింది.

"అన్నా, నువ్వు కొరుకు. నువ్వు పచ్చిగున్నదంటే మారు మాట్లాడకుంట ట్రాక్టర్ మలుపుకొని పోత."

"కొరుకు కాకా," అన్నాడు కుమార్. నవ్వుతున్నాడు. "నేను గూడ వింట."

భూమన్న లేచి చేతిని పత్తిలోకి దించాడు. పైన చల్లగా ఉంది. లోపల ఏమో. వేలికొసలకు వయసు మీదపడి మంచుకూ తేమకూ తేడా దొరకడం లేదు. గింజ తీసి పెదవుల దాకా తెచ్చాడు. ఒక్క టక్ మనిపిస్తే చాలు. ఎండిందంటే రైతులు దండం పెడతారు. పచ్చిదంటే కుమార్ నోరు మూసుకుంటాడు. ఏదన్నా నడుస్తుంది. ఏదన్నా నడుస్తుందన్న ఆ మాట దగ్గర భూమన్న చెయ్యి ఆగిపోయింది. మ్వాంజాలో ఆ చివరి సంవత్సరాల్లో అందరూ అన్న మాట అదే. గేటు ముందు పడుకున్న మేకలు కళ్ల ముందు కదిలాయి.

గింజను అరచేతిలో ఉంచుకునే రెండో చేత్తో పై వరస తీశాడు. తర్వాత కింది వరస. చెంపలు లోపలికి పోయి ముఖం ఒక్కసారిగా ఇరవై ఏళ్లు ముసలిదైంది. పళ్లను చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎవరో నవ్వబోయి ఆగారు.

"ఉగాది సంది గింతే," అన్నాడు. మాటల్లో గాలి పోతోంది. "చప్పుడు చేసుకుంట కూసున్న. లచ్చయ్య పత్తి పచ్చిగనే ఉండె. ఎండిందని నేనే అన్న. తప్పు నాది, లచ్చయ్యది గాదు."

కుమార్ నవ్వు ఎప్పుడో పోయింది. కిష్టవ్వ నెత్తి మీది కొంగు సర్దుకుంది. మరి ఇప్పుడు తన సంగతి ఎవరు చెప్పాలని మెల్లగా అడిగింది.

అప్పుడు చెప్పాడు భూమన్న, నవతకు చెప్పకుండా దాచిన సంగతి. మసాంజాకు పళ్లు లేవు. ఒక్కటీ లేదు. ఆయన గింజ కొరికింది ఎవరూ చూడలేదు. అమ్మేవాడి గింజను కొనేవాడి నోట్లో పెట్టేవాడు. కొనేవాడు తీసిన గింజను అమ్మేవాడి నోట్లో పెట్టేవాడు. తన చెవిని వాళ్ల దవడకు ఆనించి వినేవాడు. ఎవరూ రానప్పుడు భూమన్న పళ్లే ఆయన పళ్లు. పదకొండేళ్లు కొరికీ కొరికీ, విని చెప్పే ఆ చెవి తనకూ వచ్చింది.

"కుమార్, ఇట్ల రా. నోరు తెరువు."

కుమార్ వెనక్కి జరగబోయాడు. అందరూ చూస్తున్నారు. ముందుకొచ్చాడు. భూమన్న ట్రాక్టర్ అంచున, పైన కప్పిన తాడ్‌పత్రి ఆనుకున్న చోట గింజ తీసి అతని పళ్ల మధ్య పెట్టి, చెవిని దవడకు ఆనించాడు. మెత్తగా నలిగింది. తర్వాత చెయ్యి భుజం దాకా దించి నడిమధ్య నుంచి తీశాడు. ఈసారి చెవి ఆనించనక్కర్లేకుండానే ముందు వరుసలో ఉన్నవాళ్లకు కూడా వినబడింది. టక్. కుమార్ కళ్లు తనకు తెలియకుండానే పెద్దవయ్యాయి. కిష్టవ్వ కూడా రెండు చోట్లవీ కొరికింది. అంచున మెత్తగానే ఉందని తానే ఒప్పుకుంది. రాత్రి మంచుకు తాడ్‌పత్రి కింద చెమ్మ పట్టింది, అంతే. కుమార్ సూదిని ఈసారి లోతుగా, నాలుగు చోట్ల గుచ్చాడు. పదకొండు. పది. పదకొండు. మళ్లీ పది. పై పొర పక్కకు తీసి ఆరబోయమని, మిగతాది దింపుకోమని హమాలీలకు చెప్పాడు.

అంతటితో అందరూ నమ్మారని కాదు. ముసలోడూ కుమారూ కలిసి ఆడిన ఆటేమోనని బారు చివర ఒకరన్నారు. ఉగాది నుంచి వాపస్ పోయిన ట్రాక్టర్లకు ఎవరు జవాబు చెబుతారని మరొకరు అడిగారు.  భూమన్న తల దించుకుని విన్నాడు.

మర్నాడు పీట ఉంటుందో లేదో అనుకుంటూనే వచ్చాడు. ఈసారి టక్ లేదు. మంచులోంచి చెప్పుల చప్పుడు మాత్రమే వచ్చింది. పీట ఉంది, కానీ గేటు దగ్గర కాదు, కుమార్ మిషన్ పక్కన. ఇటుపక్క కిష్టవ్వ నిలబడి ఉంది. తన పత్తి నిన్ననే దిగిపోయింది. ఇవాళ ఎందుకొచ్చావంటే, రైతులంతా కలిసి ఆమెను నిలబడమన్నారట. కొరకడానికి తన పళ్లు గట్టివని చెప్పింది. కుమార్ కూడా ఒక గింజ బుగ్గన పెట్టుకుని ఉన్నాడు. ఇద్దరి నడుమ కూర్చుంటే భూమన్నకు చెవులు తప్ప వేరే పని లేదు.

మధ్యాహ్నం నవత సెలవు తీసుకోవడానికి వచ్చింది. కుమార్ నీకేమవుతాడని భూమన్న మొదటిసారి సూటిగా అడిగాడు. నిన్నటి దాకా పేరు కూడా తెలియదంది. భూమన్న ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. పైన ఎండుగానే ఉంది. లోపలి సంగతి ఎవరికి తెలుసు. ఆమె బండి ఎక్కబోతుంటే చేత్తో ఆగమన్నాడు.

"బిడ్డా, పండ్లు లేని సంగతి గూడ రాసుకో, ఏం ఫికర్ లేదు. కని నిజం చెప్పు, గా సకినాలు మీ అవ్వనే చేసిందా, ఎవరన్న ఇచ్చి పంపిన్రా?"